సర్దిన వృత్తాలు

"వీధిలోంచి చూస్తే మీ గుమ్మం ఎటువైపు?" అని అడిగింది సుభాషిణి.

"తూర్పుకండి. గుమ్మంలో నిలబడితే ఐసు ఫ్యాక్టరీ గొట్టం కనపడేది," అన్నాడు బల్లకి అవతల కూర్చున్న దర్జీ.

"గొట్టం మొత్తం కనపడేదా, పైభాగం మాత్రమేనా?"

దర్జీ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. "పై సగమేనండి. కింద సగానికి పక్కవాళ్ళ డాబా అడ్డమొచ్చేది."

సుభాషిణి లోతుపటం మీద చుక్కని రెండిళ్ళ మేర ఉత్తరానికి జరిపింది. ఏడు మీటర్ల నీటి అడుగున ఉన్న నీలమ్మపాలెం వీధులు ధ్వనిచిత్రంలో బూడిదరంగు గీతలుగా కనిపిస్తున్నాయి. గోడలు ఎప్పుడో కూలిపోయాయి. పునాదులు, గచ్చులు, అరుగులు మిగిలాయి. వాటిలో ఒకదాని ముందు మెట్లలాంటి సన్నటి నీడ ఉంది.

"మీ అరుగుకి మెట్లెన్ని?"

"మూడండి. మూడోది పగిలిపోతే నేనే సిమెంటు పూశాను."

"దొరికిందండి మీ ఇల్లు."

ఆమె మీట నొక్కగానే చుక్క చుట్టూ నీలిరంగు వృత్తం గీసుకుంది. వ్యాసార్థం పన్నెండు మీటర్లు. ఆ అంకె ఉన్న గడికి తాళం గుర్తు ఉంటుంది. దాన్ని పెంచడానికీ తగ్గించడానికీ ఎవరికీ అధికారం లేదు. మేడ మునిగినా పాక మునిగినా ఒకటే కొలత ఉండాలని మునకచట్టం రాసినవాళ్ళు ఆ ఒక్క విషయంలో గట్టిగా నిలబడ్డారు. వృత్తంలోకి ఇసుక తోడే ఏ తోడుయంత్రమూ రాదు. ఏడాదికోసారి దర్శనపడవ ఆ కుటుంబాన్ని తీసుకెళ్ళి సరిగ్గా వృత్తం మధ్యలో గంటసేపు ఆగుతుంది.

దర్జీ లేచి రెండు చేతులూ జోడించాడు. "నాకు నోరు తిరగదమ్మా. సరిగ్గా చెప్పగలనో లేదో అని పదిరోజులుగా నిద్ర లేదు. మీ బల్ల దగ్గరికే వెళ్ళమని అందరూ చెప్పారు. ఓపిగ్గా వింటారట." కాస్త ఆగి, "మీ జాకెట్లు నేను కుట్టిపెడతాను," అన్నాడు.

"వద్దండీ. ఇది నా పనే కదా," అంది సుభాషిణి.

అతను గదిలోంచి బయటకి వెళ్ళాక తెర మీద వృత్తం నారింజరంగుకి మారింది. *ఇసుకబాటకి తగులుతోంది. పడమటికి ఇరవై రెండు మీటర్లు సర్దమంటారా?* ఆమె 'సర్దు' నొక్కి, వేలిముద్ర వేసింది. వృత్తం మెల్లగా పక్కకి జరిగి, ఎవరి ఇల్లూ లేని ఖాళీ ఇసుక మీద ఆగి, మళ్ళీ నీలంగా మారింది. దర్జీ మెట్లు దిగుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇదంతా ఆమె ఏడేళ్ళుగా చేస్తున్న పని. మొదటిసారి తెర అడిగింది నాలుగు మీటర్లు. నాలుగు మీటర్లంటే ఎంత, ఒక గది వెడల్పు అనుకుంది. తర్వాత తొమ్మిది. ఆ తర్వాత ఆమె అంకె చూడడం మానేసింది. బల్లకి ఇవతలి వాళ్ళకే తెర కనిపిస్తుంది. అవతల కూర్చున్నవాళ్ళు చివరికి సముద్రం మీదకి వెళ్ళినా వాళ్ళకి కనిపించేది నీళ్ళే.

కారణం లేక కాదు. మునిగిన ఊళ్ళ మీదుగా తోడిన ఇసుకతోనే సముద్రాన్ని ఆపే కొత్త కట్ట లేస్తోంది. ఆ కట్ట వెనక ఆరు లక్షల మంది ఉన్నారు. సుభాషిణి అద్దె ఇల్లు, ఆమె కూతురు చదివే కాలేజీ ఆ కట్ట వెనకే ఉన్నాయి. యంత్రాలు తిన్నగా వెళితేనే పని సాగుతుంది. ప్రతి వృత్తం దగ్గరా పక్కకి తిరగాల్సి వస్తే ఇసుక సగం కూడా రాదు. ఈ మాటలు శిక్షణలో చెప్పారు. ఆమె నమ్మింది. ఇప్పటికీ కొంత నమ్ముతోంది.

పదకొండు గంటలకి గంపల పోలమ్మ వచ్చింది.

డెబ్భై దాటిన మనిషి. చంకలో గుడ్డసంచీ ఉంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "నన్ను గుర్తుపట్టేరా మేడమ్ గారూ? నాలుగేళ్ళ కిందట మీకాడే రాయించుకున్నాను. తుఫాను షెల్టరు పక్క సందు."

సుభాషిణికి గుర్తుంది. మునక రోజు తెల్లవారుజామున కెరటం వచ్చేసరికి పోలమ్మ కూతురు దేముడమ్మ జ్వరంతో లోపలి గదిలో పడుకుని ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పోలమ్మ చేపలబుట్టతో రేవులో ఉంది. తర్వాత ఎంత వెతికినా శవం దొరకలేదు. వృత్తం గీసిన రోజున ఆ మాట చెబుతూ పోలమ్మ ఏడవలేదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం సుభాషిణి చెంపలు రెండు చేతులతో నిమిరి, తన కణతల మీద మెటికలు విరుచుకుంది.

"గుర్తున్నారు పెద్దమ్మా. కూర్చోండి. ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బంది మీవల్ల గాదమ్మా. నానే తప్పు సెప్పేను." పోలమ్మ తలెత్తలేదు. "చమించాల."

సుభాషిణికి అర్థం కాలేదు.

"ఆవేళ మీరు ఎంత ఓపిగ్గా అడిగినారో. నానే మతిలేక ఏదో సెప్పేను. మూడేళ్ళు పడవలో ఎల్లేను. ఎల్లినప్పుడల్లా షెల్టరు కప్పు కుడిసేతి దిక్కునే కనపడతంది. మా గుమ్మంలో నిలబడితే అది ఎడంసేతికి రావాల. మొదటేడు అలల్లో తిరకాసనుకున్నాను. మా కోడలు, నీకు వొయసైపోయింది అత్తా, అంది. ఈ ఏడు ఇది తీసుకెళ్ళేను."

సంచీలోంచి పొడుగాటి తాడు, దాని చివర కట్టిన సీసపు గుండు తీసి బల్ల మీద పెట్టింది. గుండు అడుగున గుంట తీసి మైనం అద్ది ఉంది. వల వేసేముందు సముద్రం అడుగు ఎలా ఉందో చూసుకోవడానికి వాళ్ళాయన వాడేవాడట.

"మాది గచ్చు నేల. గుండు దిగితే గచ్చుకి తగిలి ఏటీ అంటకుండా రావాల. మూడుసార్లు ఏసేను. మూడుసార్లూ ఇసకే వొచ్చింది." మైనానికి ఇంకా అంటుకుని ఉన్న ఇసుకరేణువుల్ని చూపించింది. "అంటే నాను సెప్పిన సోటు మాది గాదు. మా పిల్ల పోయిన సోటే మరిసిపోయేనంటే నాను ఏటి తల్లినమ్మా? ఇంట్లో సెప్పుకుంటే మరి గేసుపొయ్యి కూడా ముట్టుకోనియ్యరు. ఇప్పటికే మా కోడలు ఇంటి బీగాలు దాచీసింది. మీరే మళ్ళీ ఒకపాలి ఇని, సరిగ్గా గీయాల."

సుభాషిణి పాత ఫైలు తెరిచింది. పడమటికి ముప్పై ఎనిమిది మీటర్లు సర్దినట్టుంది. "ఒక్క నిమిషం పెద్దమ్మా," అని లేచి పక్కగదిలోకి వెళ్ళింది.

పై అధికారి ఫణీంద్ర విషయమంతా విని, పెద్దగా ఆశ్చర్యపోలేదు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. "ఆవిడే తప్పు చెప్పానంటోంది కదా. స్వదోషపత్రం మీద వేలిముద్ర వేయించండి. వాంగ్మూలం మళ్ళీ తీసుకోండి. ఫైలు మూసేయొచ్చు."

"ఆవిడ తప్పేమీ లేదండీ. ముప్పై ఎనిమిది మీటర్లు సర్దాం."

"సర్దాం కాదు, సర్దారు. వేలిముద్ర మీదే కదా." అది బెదిరింపులా అనలేదు. ఉన్న విషయం చెప్పినట్టే అన్నాడు. "చూడండి సుభాషిణి గారూ, ఆవిడకి ఇప్పుడు నిజం చెబితే ఏం ఒరుగుతుంది? మళ్ళీ విన్నారు, కొత్తగా గీశారు అనే తృప్తి అయినా ఆవిడకి మిగలనివ్వండి. తూర్పు కట్టకి ఇంకా నాలుగు నెలల ఇసుక కావాలి. తుఫాన్లొచ్చే కార్తీకంలోపు అవకపోతే ఏమవుతుందో మీకూ తెలుసు."

సుభాషిణి తిరిగి వచ్చి కూర్చుంది. అడగవలసిన ప్రశ్నలన్నీ వరసగా అడిగింది. గుమ్మం ఎటు, షెల్టరు ఎన్ని అడుగుల్లో వచ్చేది, పంపు ఏ మూల, చూరు కిందికి ఏ వేళకి ఎండ వచ్చేది. పోలమ్మ కళ్ళు చిట్లించి, ఈసారి పొరపాటు రాకూడదని ఒక్కో మాటా ఆచితూచి చెప్పింది. మధ్యలో రెండుసార్లు, "సరిగ్గానే సెప్పేనా?" అని అడిగింది. సుభాషిణి చుక్కని జరుపుతూ వెళ్ళింది. అది నాలుగేళ్ళ కిందట ఆగిన చోటే, ఆ మీటరు మీదే వచ్చి ఆగింది.

ఆ చోట తెర మీద పునాది లేదు. గీతలూ లేవు. నున్నటి నల్లటి గాడి ఒకటి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతోంది. లోతు పదహారు మీటర్లు. తోడుయంత్రం ఆ దారిన వెళ్ళి రెండేళ్ళయిందని తారీఖు చెబుతోంది.

*పునాది లేదు. పాత వృత్తమే కొనసాగించమంటారా?* అని అడుగుతోంది తెర.

"దొరికిందా అమ్మా?" అంది పోలమ్మ.

సుభాషిణి తెర మీంచి చూపు తిప్పుకుంది. "నాలుగు రోజులు పడుతుంది పెద్దమ్మా. కబురు చేస్తాం." తర్వాత స్వదోషపత్రం పలకని ఆమె వైపు తోసింది. తోస్తున్నప్పుడు అది తన చెయ్యేనని ఆమెకి స్పష్టంగా తెలుసు. ఎవరూ పట్టుకుని తొయ్యించలేదు. *స్థలాన్ని తప్పుగా చెప్పినది నేనే* అని ఉన్న వాక్యం కింద పోలమ్మ బొటనవేలు నొక్కింది. సరిగ్గా పడలేదేమోనని కొంగుకి తుడుచుకుని రెండోసారి నొక్కింది.

"మీకు రెండోపాలి పని పెట్టేను. ఏటీ అనుకోకు తల్లీ," అని సంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం సుభాషిణి కేరేజీ మూత తీసి మళ్ళీ పెట్టేసింది. భద్రపరిచిన వాంగ్మూలాల్లోంచి నాలుగేళ్ళ కిందటి పోలమ్మ రికార్డు తీసి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంది. పొద్దున విన్న మాటలే, అదే వరసలో వచ్చాయి. చూరు కింద ఎండ, మూలన పంపు, ఎడమచేతికి షెల్టరు. ఒక్కటీ మారలేదు. చివర్లో తన గొంతు వినిపించింది. ఎంతో ఆప్యాయంగా ఉంది. "నిశ్చింతగా ఉండండి పెద్దమ్మా. మీ ఇల్లు దొరికింది. ఇంక ఎవరూ కదపలేరు." ఆ మాటకీ వేలిముద్రకీ మధ్య వ్యవధి ఎంతో రికార్డులో ఉంది. పందొమ్మిది సెకన్లు.

ఆమె ఇయర్‌ఫోను తీసేసింది. పక్కబల్ల వాళ్ళు చూస్తారేమోనని కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుని కూర్చుంది. ఏడేళ్ళుగా జనం తన బల్ల వెతుక్కుంటూ వచ్చారు. ఎండుచేపలు, మామిడిపళ్ళు తెచ్చారు. ఒకావిడ మనవరాలికి తన పేరు పెట్టుకుంది. వాళ్ళు చెప్పింది తాను నిజంగానే విన్నది. అంత బాగా విన్నది కాబట్టే, ఎక్కడినుంచి జరుపుతోందో ప్రతిసారీ తనకి తెలుసు. సరిగ్గా వినని ఉద్యోగికి కనీసం ఆ సంగతి తెలిసి ఉండేది కాదు.

తన ముద్రతో జరిగిన సర్దుబాట్లన్నీ తెర మీదకి రప్పించింది. రెండువందల ఎనభై ఆరు. వాటిలో అసలు చోట్ల మీదుగా యంత్రం వెళ్ళిపోయినవి రెండువందల మూడు. ఇంకా వెళ్ళనివి ఎనభై మూడు. దర్జీ ఇల్లు ఆ ఎనభై మూడులో ఉంది.

మర్నాడు సెలవు పెట్టి ఆమె పునరావాస కాలనీకి వెళ్ళింది. పోలమ్మ వీధికుళాయి దగ్గర బిందె పట్టుకుని ఉంది. కోడలు గుమ్మంలోంచే చూస్తోంది. "పెద్దమ్మా, ఒకసారి పడవ మీద వెళ్ళొద్దాం. తాడు తీసుకోండి," అంది సుభాషిణి.

దర్శనపడవ నడిపే గురవయ్య మొదట ఒప్పుకోలేదు. వృత్తాల మధ్యన తప్ప ఆగకూడదని నియమం. "ఆఫీసరమ్మే వొస్తంది గదా," అని పోలమ్మ అంటే మోటారు తిప్పాడు. కట్ట దాటి అరగంట వెళ్ళాక తుఫాను షెల్టరు పైకప్పు నీళ్ళలోంచి తేలింది. దాని మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. దూరంగా మూడు తోడుయంత్రాలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. పాలెం జనం వాటిని తోడేళ్ళంటారు.

గురవయ్య అలవాటు కొద్దీ పాత వృత్తం దగ్గర వేగం తగ్గించాడు. "ఇక్కడ కాదు. ఇంకా తూర్పుకి," అంది సుభాషిణి. చేతిలోని పరికరంలో అంకెలు చూస్తూ, ముప్పై ఎనిమిది మీటర్లు అయ్యాక ఆపమంది.

పోలమ్మ లేచి నిలబడింది. షెల్టరు కప్పు ఎడమచేతికి వచ్చింది. ఆమె దాన్ని చూసింది, కట్టని చూసింది, మళ్ళీ షెల్టరుని చూసింది. "ఇదే," అంది. "ఇదేనమ్మా. ఈపాలి సరిగ్గా సెప్పేను." మొహం విప్పారింది. తాడు తీసి గుండుని నీళ్ళలోకి జారవిడిచింది.

తాడు ఆమె వేళ్ళలోంచి దిగుతూనే ఉంది. ఏడు మీటర్లకి వేసిన ముడి దాటింది. ఇంకా దిగింది. "ఏటిది, ఆగదేటి?" అంది. తాడు మొత్తం అయిపోయి చివర ఆమె పిడికిట్లో బిగుసుకుంది. గుండు ఇంకా అడుగు తగలలేదు.

సుభాషిణి కూర్చునే చెప్పాలనుకుంది. కానీ లేచి నిలబడింది. పడవ ఊగితే పక్కనున్న కొయ్య పట్టుకుంది.

"మీరు మొదటిసారే సరిగ్గా చెప్పారు పెద్దమ్మా. మీ ఇల్లు నాకు ఆ రోజే దొరికింది. ఇసుక తోడడానికి అడ్డమని మీ వృత్తాన్ని నేను పక్కకి జరిపాను. మీరు లేచి వెళ్ళిన వెంటనే జరిపాను. తర్వాత యంత్రం ఇటుగా వెళ్ళింది. కింద ఇప్పుడు ఏమీ లేదు. నిన్న తప్పు మీదేనని మీచేత వేలిముద్ర వేయించాను. అప్పటికి నాకన్నీ తెలుసు."

గురవయ్య మోటారు ఆపేశాడు. పోలమ్మ తాడు పైకి లాగడం మొదలుపెట్టింది. మూర తర్వాత మూర లాగి, చుట్టచుట్టి, గుండు ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నాకు మతి పోనేదు," అంది.

"లేదు పెద్దమ్మా."

"మూడేళ్ళ నుంచి నన్ను నానే తిట్టుకుంటన్నాను."

సుభాషిణికి క్షమించమనడానికి నోరు రాలేదు. నిన్న ఆ మాట పోలమ్మే తనతో అన్నది.

"ఆ ఇసకంతా ఎక్కడేసేరు?" పోలమ్మ గొంతులో కోపం లేదు. అంగట్లో ధర అడిగినంత మామూలుగా అడిగింది. "కట్టలోనే గదా. కట్టలో ఏ పక్క?"

"తెలీదు."

"తెలుసుకుని సెప్పు. మా దేముడమ్మ ఏ పక్కనుందో నాకు తెలియాల." మరి కాసేపటికి, "మా కోడలికి కూడా నువ్వే సెప్పు. నాను సెప్తే నమ్మదు," అంది. అంతే. తిరిగి ఒడ్డు చేరేదాకా ఆమె సుభాషిణి వైపు చూడలేదు. ఒడ్డున దిగేటప్పుడు సుభాషిణి చెయ్యి అందిస్తే, ఆ చెయ్యి పట్టుకోకుండా పడవ అంచు పట్టుకుని దిగింది.

కోడలు కాలనీ గుమ్మంలోనే ఉంది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. సుభాషిణి వాళ్ళందరి ముందూ చెప్పింది. మూడు వాక్యాలకన్నా ఎక్కువ లేదు. కోడలు వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తని లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసింది. చప్పుడు కాకుండానే వేసింది. చెంప మీద కొట్టినా సుభాషిణికి అంత నొప్పి కలిగేది కాదు.

అక్కడినుంచి తిన్నగా ఆఫీసుకి వచ్చింది. సెలవులో ఉన్న మనిషి ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. ముందు ఇసుక ఎక్కడికి వెళ్ళిందో వెతికింది. ఆ వారం తోడిన మూడు గాడుల ఇసుక ఒకే చోట కలిపి, కట్ట పొడుగునా పంచారు. ఏ పక్కనో చెప్పే లెక్క ఎక్కడా లేదు. ఆ సంగతి కూడా పోలమ్మకి చెప్పాలి.

తర్వాత మునకచట్టం తెరిచింది. సర్దుబాటుకి ఆమోదం ఇచ్చిన ఉద్యోగి, తాను ఉద్యోగంలో ఉన్నంతకాలం, కారణం చూపి ఆ ఆమోదాన్ని వెనక్కి తీసుకోవచ్చు. శిక్షణలో ఈ వాక్యం మీదుగా త్వరత్వరగా వెళ్ళిపోయారు. ఇంతవరకు ఎవరూ వాడలేదు. వెనక్కి తీసుకున్న ప్రతి వృత్తానికీ ఆ కుటుంబానికి ఉద్యోగి పేరుతో సహా నోటీసు దానంతటదే వెళుతుంది.

ఎనభై మూడింటినే వెనక్కి తీసుకుంటే చాలని మొదట అనిపించింది. రెండువందల మూడు కుటుంబాలకి తెలియకపోయినా వాళ్ళకి కొత్తగా పోయేది ఏమీ లేదు. నీళ్ళకి దణ్ణం పెట్టుకుంటూ ఉంటారు. ఫణీంద్ర చెప్పిన తృప్తి ఇదే కదా అనుకుంది. అప్పుడు పోలమ్మ సీసపు గుండు గుర్తొచ్చింది. ఈ రెండువందల మందిలో ఎందరు తమ మతినే అనుమానించుకుంటూ ఇళ్ళలో కూర్చున్నారో తనకి తెలియదు. మొత్తం ఎంచుకుంది.

కారణం రాయడానికి ఒకే ఒక్క గడి ఉంది. 'సాంకేతిక సవరణ' అని రాసి చెరిపేసింది. 'పై ఆదేశాల మేరకు' అని రాసి అదీ చెరిపేసింది. చివరికి, 'వాళ్ళు సరిగ్గానే చెప్పారు. నేను సరిగ్గానే విన్నాను. తెలిసే జరిపాను' అని రాసింది. పేరు, ఇంటిపేరుతో సహా వేసి వేలు నొక్కింది.

తెర మీద రెండువందల ఎనభై ఆరు వృత్తాలు ఒక్కసారిగా కదిలాయి. ఒక్కోటి ఒక్కో దిక్కుకి జరిగి, పాత వీధుల వరసలో, ఇంటి పక్కన ఇల్లుగా సర్దుకున్నాయి. చాలా వృత్తాల లోపల నల్లటి గాడి తప్ప ఏమీ లేదు. అయినా అక్కడే నిలబడ్డాయి. ఇసుకబాట పధ్నాలుగు ముక్కలైంది. మూడు తోడుయంత్రాలు ఎటు తిరిగినా ఏదో ఒక వృత్తం అంచు తగిలి, అయిదు నిమిషాల్లో ఉన్నచోటే ఆగిపోయాయి.

ఫణీంద్ర గదిలోంచి బయటికి వచ్చాడు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. "ఏం చేశారండీ?"

"వెనక్కి తీసుకున్నాను."

"అది చట్టంలో ఊరికే ఓ మూల పడుండే వాక్యం. దాన్ని ఎవరు వాడతారండీ?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వేరే ఇసుక మేట ఆరు కిలోమీటర్ల అవతల ఉంది. కొత్త బాట వెయ్యాలంటే రెండు నెలలు. కార్తీకానికి తూర్పు కట్ట అవ్వదు. మీ ఇల్లు కట్ట వెనకే కదా. మీ అమ్మాయి కూడా..."

"తెలుసండీ."

"తెలిసీ?"

రెండు నెలల్లో తుఫాను రావచ్చు, రాకపోవచ్చు. తాను చేసింది మంచిపనని సుభాషిణికి అనిపించలేదు. తేలిగ్గానూ అనిపించలేదు. "నన్ను ఇప్పుడే తీసేస్తారా?" అని అడిగింది.

"ఆ ముద్ర మళ్ళీ మార్చాలంటే మీరే మార్చాలి. తీసేస్తే ఇంకెవరికీ వీలుండదు," అన్నాడు ఫణీంద్ర విసుగ్గా. "విచారణ అయ్యేదాకా ఆ బల్ల మీద మీరే కూర్చోవాలి. వచ్చేవాళ్ళకి మీరే సమాధానం చెప్పుకోండి."

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి వరండా నిండిపోయి ఉంది. మెట్ల మీద, కింద రోడ్డు మీద కూడా జనమే. చాలామంది చేతుల్లో నోటీసులున్నాయి. ఎవరూ అరవలేదు. సుభాషిణి లోపలికి వస్తుంటే దారి ఇచ్చారు. ఆ దారి వెంబడి నడవడం ఆమెకి చాలా పొడుగనిపించింది. వాళ్ళలో సగం మొహాలు తనకి తెలుసు. ఎవరి అరుగుకి ఎన్ని మెట్లో కూడా తెలుసు.

మొదట ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నోటీసు మడత విప్పి బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేశాడు.

"మాది ఎంత దూరం జరిపారమ్మా?"

ఆమె చూసి చెప్పింది. "ముప్పై ఒక్క మీటర్లండి."

"ఉందా? పోయిందా?"

"పోయిందండి. పోయిన ఏడాది వేసవిలో."

ఆయన తలూపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "పడవలో వెళ్ళినప్పుడల్లా చోటు తేడాగా అనిపించేది. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. నా ఇల్లెక్కడో నేనే విడమర్చి చెప్పలేకపోయానేమో, మీకు అర్థమయ్యేలా చెప్పలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. అర్థమయ్యే జరిపారన్నమాట."

సుభాషిణి తల దించుకోబోయి ఆగింది. ఆయన మొహంలోకే చూసింది.

"అర్థమయ్యిందండి," అంది. "బాగా అర్థమయ్యింది."

ఆయన నోటీసు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల అంచు పట్టుకుని లేచి, వెనకున్న ఆవిడకి కుర్చీ చూపించాడు. ఆవిడ వచ్చి కూర్చుంది.